విభూతి బుధవారం మానిన కల్లు

2006లో, ఈస్టరుకు ముందొచ్చే నలభై రోజుల తపస్కాలం మొదలయ్యే విభూతి బుధవారం నాడు, చర్చిలో నుదుట బూడిద పెట్టించుకుని వచ్చి, ఈస్టరుదాకా కల్లు ముట్టనని అంతోనయ్య ఒట్టేశాడు. అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో గెలలు కోసే మనిషి. సాయంత్రం రెండు సీసాలు పడనిదే మెడనొప్పికి నిద్ర రాదు. ప్రతి తపస్కాలానికీ పొగాకు మానేవాడు, ఈసారి పెద్దదానికే చెయ్యి పెట్టాడు. భార్య జోజమ్మ పొంగిపోయింది.

శుక్రవారానికి చేతులు వణికాయి. రెండు రాత్రులు కన్ను మూతపడలేదు.

"ఒక్క గలాసు పొయ్యవే," అని బతిమాలాడు.

"ఒట్టు యాదికి లేదా?" అని జోజమ్మ గుమ్మంలో అడ్డంగా కూర్చుంది.

శనివారం పొద్దున తోటలో కొడవలి కట్టిన గెడ జారవిడిచి కూలబడ్డాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నాలుక కరుచుకుని నోరంతా నెత్తురు.

"దయ్యం పట్టిందే! నోట్లె ఇంత కల్లు పొయ్, లేస్తడు," అంది అదే తోటలో పనిచేసే పక్కింటి గంగక్క.

కబురంది పరుగెత్తుకొచ్చిన జోజమ్మ వినలేదు. ఆటో పిలిచి సర్కారు దవాఖానాకు తీసుకుపోయింది.

కల్లు మానిన సంగతి విని నర్సు ఆతియా అడిగింది: "మొదట్ల ఒక్క సీసా. ఇప్పుడు రెండు. అంతేనా?"

"అవ్. నీకెట్ల ఎరుక?"

"గది ఒట్టి కల్లు కాదమ్మా. మత్తుబిళ్లల పొడి కలుపుతరు. పానం దానికి అలవాటు పడ్డది. ఒక్కపాలి గుంజేస్తే గిట్లనే ఫిట్స్ వస్తయ్."

అమ్మేవాడు చెప్పడు, తాగేవాడికి తెలియదు. జోజమ్మ నుదురు కొట్టుకుంది. "అయితే గుమ్మంల అడ్డం కూసోని నేనే..."

"తెల్వక చేసినవ్. డాక్టరు సారు అసొంటి మత్తుబిళ్లలే లెక్కతోని రాస్తడు. వారానికింత తగ్గించుకుంట రావాలె. మీ అంతట మీరు ఆపొద్దు."

స్పృహ వచ్చిన అంతోనయ్య మూలిగాడు. "తపస్కాలంల మత్తుబిళ్ల మింగితే ఒట్టు తప్పినట్టు గాదా?"

"సచ్చి నిలబెడితే ఆ ఒట్టు ఎవనికి?" అంది జోజమ్మ.

ఆనాటి నుంచి బిళ్లల పొట్లం ఆమె కొంగునే ఉంది. వారం వారం దవాఖానా, వారం వారం తక్కువ. గంగక్క వెక్కిరించింది: "కల్లు ఇడిసి బిళ్లలు పట్టిండు, మస్తు తపస్సు!" జోజమ్మ తిట్టలేదు. గంగక్క మొగుడి చేతుల వణుకు చూపించి, "మీ ఆయనకు గూడ కల్లు ఒక్కపాలి ఆపకు, దవాఖానాకు తోలుకపో," అంది.

ఈస్టరు పూజ నుంచి తిరిగొస్తూ అంతోనయ్య అరబిళ్ల వద్దని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ప్రభువు లేసిన దినం. ఇయ్యాల ఆపేస్త."

"ప్రభువు మూడొద్దులకు లేసిండు. నువ్వు మనిషివి, నీకింకా నాలుగు వారాలు పడ్తది. తెర్వు నోరు."

తెరిచాడు.