బాపట్ల ఆటకి వచ్చిన జనం

ఆట మొదలయ్యే ముందు ఝాన్సీలక్ష్మి జనాన్ని లెక్కపెట్టేది. మిగతా పిల్లలు బంతిని నేలకి కొట్టి చూసుకుంటూ, జడలు బిగించుకుంటూ ఉంటే ఈ పిల్ల మాత్రం కోర్టు చుట్టూ కళ్ళు తిప్పి ఒకటి, రెండు, మూడు అనుకునేది. తక్కువమంది ఉంటే ఊపిరాడేది. అదేం చోద్యమమ్మా, ఆడేవాళ్ళెవరైనా జనం రావాలని మొక్కుకుంటారు గానీ రాకూడదని మొక్కుకుంటారా అని మీరడగొచ్చు. ఈవిడ మొక్కుకునేది మరి.

పందొమ్మిదివందల డెబ్బయ్యో సంవత్సరం అది. తెనాలిలో ఓ ఆడపిల్లల కాలేజీ. ఆ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు ఆడిన మొదటి మ్యాచికి వచ్చింది పధ్నాలుగు మంది. అందులో హాస్టల్లో వంట చేసే పుల్లమ్మ ఒకతె, ఆవిడ వెనకాలే వచ్చిన ఆయా ఒకతె. మిగిలిన పన్నెండు మందీ క్లాసు ఎగ్గొట్టిన పిల్లలు. ఝాన్సీ ఆ రోజు ఆడిన ఆట చూసి తీరాలి. తెల్ల పైజమా, ఏడో నెంబరు చొక్కా వేసుకుని, బంతి దొరకడం ఆలస్యం, అవతలి వైపు బుట్ట కింద తేలేది. పుల్లమ్మ అయితే గరిటె పట్టుకునే వచ్చి, అది వదలకుండానే చప్పట్లు కొట్టింది.

ఆ పిల్ల భయానికి కారణం వాళ్ళ ఊరు జంపనిలో ఉంది. వాళ్ళ నాన్న రాఘవయ్య. పాతికెకరాల మాగాణి, ఊళ్ళో మాట చెల్లే మనిషి, నవ్వితే ముత్యాలు రాలతాయన్నట్టుండేవాడు. ఝాన్సీకి ఒక అక్క ఉంది, కుసుమకుమారి. ఆ అమ్మాయి బాపట్లలో చదువుకునే రోజుల్లో కాలేజీ వార్షికోత్సవంలో డాన్సు చేసింది. చుట్టాల్లో ఒకాయన పనిగట్టుకుని వచ్చి ఆ కబురు చేరేశాడు. రాఘవయ్య ఏం డాన్సని అడగలేదు, ఎందుకు చేసిందని అడగలేదు. "ఎంతమంది చూశారు?" అని అడిగాడు. "ఓ నాలుగొందల మంది ఉంటారు బావా" అన్నాడాయన. మర్నాడు పొద్దున్నే కుసుమ ట్రంకు పెట్టె, పరుపుచుట్ట జట్కా ఎక్కాయి. చదువు అక్కడితో సరి. ఇప్పుడు చేబ్రోల్లో కాపురం, బాగానే ఉంది. ఎవరైనా "ఏం చదివావమ్మా?" అంటే మాత్రం లోపల ఏదో పనున్నట్టు వెళ్ళిపోతుంది.

ఝాన్సీకి బి.ఏ. పూర్తి చేయాలని, ఆపైన చదివి ఇదే కాలేజీలో పాఠాలు చెప్పాలని ఆశ. ఇంటికి రాసే ఉత్తరాల్లో తిన్నదీ, చదివిందీ, దగ్గొచ్చిందీ తగ్గిందీ అన్నీ రాసేది, ఆట సంగతి తప్ప. పధ్నాలుగు మంది చూస్తే ఫరవాలేదు. నాలుగొందల మంది చూస్తే తన పెట్టె కూడా జట్కా ఎక్కుతుంది. ఇదీ ఆ పిల్ల లెక్క.

ఇక రాహేలు మేడం లెక్క దీనికి సరిగ్గా ఎదురు. ఆవిడ ఆ కాలేజీలో ఆటలు నేర్పే టీచరు. ఆరడుగుల మనిషి కాదు గానీ ఈల ఊదితే ఆరు వీధులు వినపడేది. మొదటి మ్యాచి అయిన మర్నాడు ప్రిన్సిపాల్ గారు ఆవిణ్ణి పిలిచి, "చూసేవాళ్ళే లేని ఆటకి జట్టెందుకమ్మా? వచ్చే ఏడు ఆపేద్దాం" అన్నారు. మేడానికి రోషం పొడుచుకొచ్చింది. "జనమేగా కావాలి? తీసుకొస్తానండి" అని చెప్పి వచ్చేసింది.

అన్నంత పనీ చేసింది. రెండో మ్యాచి రేపల్లెలో పెట్టించింది. జట్టు కెప్టెన్ రిబ్కాది ఆ ఊరే. వాళ్ళ నాన్న బర్నబాస్ మాస్టారు ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గుమ్మం దగ్గర నిలబడి వచ్చే పోయే వాళ్ళందరికీ చెప్పాడు. ఎనభై ఆరు మంది వచ్చారు. మూడో మ్యాచి తెనాలిలో. ఆడవాళ్ళు చాపలు తెచ్చుకుని పరుచుకున్నారు, మగవాళ్ళు ప్రహరీ అవతల సైకిళ్ళ మీద నిలబడి చూశారు. ఝాన్సీ రెండొందల పాతిక దాకా లెక్కపెట్టి మానేసింది. ఆ రోజు చేతిలో బంతిని మూడుసార్లు జారవిడిచింది.

"ఏమైందే నీకు? మంచు ముద్దని పట్టుకున్నట్టు పట్టుకుంటావేంటి బంతిని?" అని రిబ్కా కసిరింది.

"ఆ గోడ అవతల నిలబడ్డాయన మా ఊరాయనేమో అనిపించిందే" అంది ఝాన్సీ. కాదని తేలింది.

అంతలో బాపట్లలో ఫైనల్ ఆట ఖాయమైంది. రాహేలు మేడం కరపత్రాలు వేయిద్దామని తెనాలిలో బసవేశ్వరరావు గారి ప్రెస్సుకి వెళ్ళింది. ఆటగత్తెల పేర్లు వరసగా రాసిన కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు పైకి జరిపి, కిందికి జరిపి, నాలిక చప్పరించాడు.

"టీచరు గారండీ, ఆడపిల్ల పేరు ఇట్లా ఒంటరిగా వేస్తే బాగుండదండి. ఊరూ పేరూ లేని పిల్లలనుకుంటారు. తండ్రి పేరుండాలి, ఊరుండాలి. అప్పుడు మర్యాదగా ఉంటదండి. ఆ ఊరివాళ్ళు కూడా మా పిల్లే అని వస్తారు."

మేడానికి ఆ చివరి మాట పాయసం తాగినట్టుంది. కాలేజీకి తిరిగొచ్చి, అడ్మిషన్ రిజిస్టరు తీసి, ఎనిమిది మంది తండ్రుల పేర్లూ ఊర్లూ ఎక్కించుకుని పోయింది. ఎవరినీ అడగలేదు. మర్యాద చేస్తున్నామనుకున్నప్పుడు అడగడమెందుకు? రెండు వేల కాగితాలు అచ్చయ్యాయి. "జంపని వాస్తవ్యులు, మోతుబరి రైతు శ్రీ రాఘవయ్య గారి ద్వితీయ కుమార్తె చి.సౌ. ఝాన్సీలక్ష్మి" అని లావుపాటి అక్షరాలు. అది పోటీ కాగితమో పెళ్ళి శుభలేఖో చూసినవాళ్ళు తేల్చుకోవాల్సిందే. చివర్లో "యావన్మంది విచ్చేయ ప్రార్థన" అని కూడా ఉంది.

రిబ్కా ఆ కాగితాన్ని హాస్టల్ గదికి ఎగురుకుంటూ తెచ్చింది. ఝాన్సీ చదివి మంచం మీద కూలబడింది.

"జంపనికి కూడా పంపారా?"

"అన్నిటికన్నా ముందు అక్కడికే వెళ్ళినయ్యే. రేపల్లె బండిలో మా నాన్నే తీసుకెళ్ళి స్టేషన్లో కట్ట దించాడు. హోటల్ గోడకి కూడా అంటించారంట."

ఝాన్సీకి పైప్రాణాలు పైనే పోయాయి. అక్క విషయంలో నాలుగొందల మంది. ఇప్పుడు రెండు వేల కాగితాలు. పైగా నాన్న పేరుతో! ఎవడో చుట్టం వచ్చి చాడీ చెప్పాల్సిన పని కూడా లేదు, కాలేజీయే అచ్చేసి ఇంటికి పంపింది. మేడానికి చెప్పి జట్టులోంచి తప్పుకుందామా అనుకుంది. ఎనిమిది మందిలో దానమ్మకి అప్పుడే జ్వరం తగ్గింది, ఇంకో ఇద్దరికి అమ్మవారు పోసింది. తను తప్పుకుంటే రాహేలు మేడం గొంతు కోసినట్టే. ఆడితే తన గొంతు తనే కోసుకున్నట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

జట్కా చప్పుడు వినపడితే కిటికీ దగ్గరికి పరిగెత్తేది. పెట్టెలో బట్టలు తనే సర్దిపెట్టుకుంది, నాన్న వచ్చి అందరి ముందూ విసిరేయకుండా. ఐదు రోజులు గడిచాయి. రాఘవయ్య రాలేదు, ఉత్తరం ముక్కా రాలేదు. తిట్టే మనిషి తిట్టకుండా ఊరుకుంటే అంతకన్నా భయం ఇంకోటి లేదు. ఆ ఐదు రోజుల్లో పిల్ల సగమైపోయింది.

ఆరో రోజు జట్టంతా రైల్లో బాపట్ల చేరింది. బట్టలు మార్చుకోవడానికి మైదానం పక్కనే ఓ క్లాసు గది ఇచ్చారు. ఝాన్సీ పుల్లమ్మ గంజి పెట్టి ఇచ్చిన చొక్కా తొడుక్కుని కిటికీ దగ్గర నిలబడింది. అబ్బ, ఏం జనం! తాడు కట్టి ఆడవాళ్ళని ఒకవైపు, మగవాళ్ళని ఒకవైపు కూచోబెట్టారు. వేటపాలెం నుంచి జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళు పని దిగి గుంపుగా వచ్చారు. చెట్లెక్కినవాళ్ళు, గోడలెక్కినవాళ్ళు. వెయ్యి మందికి తక్కువుండరు. ఝాన్సీ లెక్కపెట్టే ప్రయత్నమే చెయ్యలేదు.

అప్పుడొచ్చింది లారీ. బియ్యం మిల్లు లారీ, దాని నిండా మనుషులు. బాబాయి నరసింహారావు ముందు దిగాడు. ఆయన వెనక జంపని మొహాలు ఒకటొకటే దిగుతున్నాయి. అందరికన్నా చివర, ఇస్త్రీ లాల్చీ, భుజాన కండువాతో రాఘవయ్య దిగాడు. మొహంలో నవ్వు లేదు. నేరుగా రాహేలు మేడం దగ్గరికి నడిచి, జేబులోంచి కరపత్రం తీసి, దాని మీద వేలు పెట్టి ఏదో అడుగుతున్నాడు. మేడం తల ఊపుతోంది. ఆయన వేలు అక్కడే ఉంది.

ఝాన్సీ వెనక్కి తిరిగింది. గది వెనక బాత్‌రూము ఉంటే అందులోకి దూరి గడియ పెట్టుకుంది. గోడకి ఆనుకుని కూర్చుంటే చొక్కా మాసిపోతుందని తోచి, నిటారుగా నిలబడింది. భయంలో కూడా ఎలాంటివి తోస్తాయో చూడండి.

రిబ్కా తలుపు బాదింది. "మీ నాన్నొచ్చాడే! లారీ నిండా జనాన్నేసుకొచ్చాడు. తలుపు తియ్యవే!"

"నాకు కడుపునొప్పి. నేను రాను."

"ఇందాకటిదాకా లేని నొప్పి ఇప్పుడెట్లా వచ్చిందే? ఝాన్సీ! మేడం నన్ను చంపేస్తది. నీకు దణ్ణం పెడతానే!"

బయట ఈల మోగింది. రిబ్కా ఏడుపు గొంతుతో ఏదో తిట్టి పరిగెత్తింది. ఝాన్సీ స్థానంలో, నీరసంతో నిలబడలేని దానమ్మ దిగింది.

ఆట మొత్తం ఆ పిల్ల తలుపు వెనక నుంచే విన్నది. బంతి నేలకి తగిలే చప్పుడు, మేడం అరుపులు, జనం హోరు. మధ్యలో మగగొంతులు పదీ ఇరవై ఒక్కసారిగా లేచాయి: "జంపని పిల్ల ఏదీ? మా జంపని పిల్ల ఏదీ?" తనని బయటికి లాగడానికే అరుస్తున్నారనుకుని రెండు చెవులూ మూసుకుంది. చెవులు మూసుకున్నా ఆ అరుపు వినపడుతూనే ఉంది. చాలాసేపటికి ఆగింది.

తెనాలి జట్టు రెండంటే రెండు పాయింట్ల తేడాతో ఓడింది.

రాహేలు మేడం వచ్చి "తలుపు తియ్యమ్మా, అయిపోయింది" అంది. తిట్టలేదు. "నీ కోసం వచ్చారు, పద" అని చెయ్యి పట్టుకుని మైదానంలోకి తీసుకెళ్ళింది. ఆ నడిచిన యాభై అడుగులూ ఎలా నడిచిందో ఝాన్సీకే తెలీదు.

తాడు పక్కనే చాప మీద నాయనమ్మ కూర్చుని ఉంది. రెండు కళ్ళకీ శుక్లాలు, గడప దాటి ఏడాది దాటిన మనిషి. లారీ మీద మనుమరాలి ఆటకి వచ్చింది.

"వచ్చిందా? ఏదీ నా తల్లి?" అని చేతులు చాచింది. "ఎంత బాగా ఎగిరావే! నాకు తెల్లగా ఏదో దూకినట్టు కనపడిందంతే అనుకో. మీ నాన్న చెబుతూనే ఉన్నాడు, అదుగోనమ్మా మన ఝాన్సీ చేతికొచ్చింది బంతి, అదుగో వేసేసింది అని. గొంతు పోతదిరా అబ్బాయ్ అన్నా వినడే!"

ఝాన్సీ తలెత్తి నాన్న వంక చూసింది. రాఘవయ్య ఎటో చూస్తున్నాడు. మేడాన్ని ఆయన అడిగింది కూతురి నెంబరు ఎంతని. కుసుమ డాన్సప్పుడు ఆయన్ని ఎవరూ పిలవలేదు, చాడీగా తెలిసింది. ఇప్పుడు కరపత్రంలో తన పేరు వేసి రమ్మని ప్రార్థిస్తే, పిలిచిన పిలుపుని మన్నించి ఊరిని కూడగట్టుకుని వచ్చాడు. ఇదంతా ఎవరూ చెప్పకుండానే ఝాన్సీకి ఆ క్షణంలోనే అర్థమైంది. ఊరివాళ్ళు అరిచి అరిచి, పిల్ల ఎంతకీ రాకపోయేసరికి లారీ వైపు పోయారు. ఏమీ కనపడని తల్లికి మాత్రం ఆయన ఇంకెవరి పిల్లనో చూపించి ఆట చెప్పాడు.

నాయనమ్మ చేతులు ఝాన్సీ బుగ్గల మీది నుంచి భుజాల మీదికి, అక్కణ్ణుంచి చొక్కా మీదికి జారాయి. మడత దగ్గర ఆగాయి. అటూ ఇటూ తడిమి చూసింది.

"అంతసేపు ఆడావుగా, గంజి కూడా నలగలేదేంటే అమ్మా?"

ముసలావిడ మళ్ళీ అడగలేదు. చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నరసింహారావు వచ్చి, "లే అమ్మా, పద" అని ఆవిణ్ణి లేపి లారీ దగ్గరికి నడిపించుకుపోయాడు.

తండ్రీ కూతురూ మిగిలారు.

"కడుపునొప్పంటగా?" అన్నాడు రాఘవయ్య. అరిచి అరిచి నిజంగానే గొంతు పోయింది.

"లేదు నాన్నా."

"మరి?"

అబద్ధం చెబితే నమ్మేట్టే ఉన్నాడు. నమ్మాలనే ఉన్నట్టుంది కూడా. కానీ ఇన్నాళ్ళ భయానికి ఆ పిల్లలో అబద్ధమాడే ఓపిక కూడా మిగల్లేదు.

"లారీలోంచి మీరు దిగడం చూశాను నాన్నా. భయమేసింది."

అవతల లారీ హారన్ కొట్టారు. రాఘవయ్య కదల్లేదు. చాపలు చుట్టుకుని పోతున్న ఆడవాళ్ళనీ, సైకిళ్ళు తీసుకుంటున్న మగవాళ్ళనీ, ఆ మైదానం నిండా ఉన్న మనుషులందరినీ ఒకసారి కలయజూశాడు.

"ఇంతమంది జనంలో నన్నొక్కణ్ణి చూసా నీకు భయమేసింది, అమ్మాయ్?" అన్నాడు.

ఝాన్సీ తల ఊపింది.