దిష్టి పువ్వు

హెర్బర్ట్ తెర మీది బోర్డులో ఎర్రరంగును ఇంకాస్త తగ్గించాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కుర్చీ వెనక్కి జరిపి చూశాడు. ఎర్రగానే ఉంది, కానీ కొట్టొచ్చినట్టు లేదు. "ఎర్రగుండాలె సాబ్, కానీ ఎర్రగ కొట్టొద్దు" అని చీరల సేట్ విజయేందర్ అడిగింది ఇదే అయ్యుంటుందని ఆయన ఆశ.

నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో, ఒక హోటల్ పైన ఉంటుంది నళిని ప్రింటింగ్ షాపు. పెళ్లికార్డులు, బిల్లుబుక్కులు, దుకాణాల బోర్డులు చేస్తారు. నళిని తండ్రి ప్రహ్లాద్ బతికున్న రోజుల్లో హెర్బర్ట్ కూర్చునే కిటికీ మూలలో కంప్యూటర్ లేదు, పెయింటు డబ్బాలుండేవి. హెర్బర్ట్ చేతిలో కుంచె ఉండేది. కుంచె పోయి మౌస్ వచ్చినా ఆయన పొడుగాటి వేళ్లకు ఆ సంగతి ఇంకా పూర్తిగా తెలియదు. చిటికెనవేలు పైకెత్తే మౌస్ పట్టుకుంటాడు. ఏ చొక్కా తొడిగినా జేబు అంచున ఎక్కడిదో ఒక మరక ఉంటుంది.

ఇవాళ ఆయనకు షాపులో ఆఖరి రోజు. అంటే, విజయేందర్ బోర్డు ఓకే అయితే ఆఖరి రోజు.

భార్య మాబెల్ వికారాబాద్‌లో మిషన్ హాస్టల్ వార్డెన్. పెళ్లయినప్పటి నుంచీ ఆమె అక్కడ, ఆయన ఇక్కడ. శనివారం సాయంత్రం రైలెక్కడం, సోమవారం పొద్దున దిగడం. ఆ రెంటి మధ్య మిగిలినదాన్ని వాళ్లిద్దరూ కాపురం అనుకున్నారు. ఇక అక్కడే ఉండిపోతానని దసరాకు చెప్పాడు. క్రిస్మస్‌కూ చెప్పాడు. రెండుసార్లూ విజయేందర్‌కు ఏదో నచ్చలేదు. మొదలుపెట్టిన బోర్డును మధ్యలో వదిలిపోవడం హెర్బర్ట్‌కు చేతకాదు. "కొత్తగ వచ్చే పిల్లకు గీయన్ని అప్పజెప్తే మొదటి రోజే పారిపోతది అంకుల్" అని నళిని కూడా బతిమాలింది.

పొద్దున మాబెల్ ఫోన్ చేసింది.

"వస్తున్నవా?"

"చూస్తున్న."

"చూడు. ఈసారైతే నేను ముందుగాల వండి పెట్టనే పెట్ట. పోయినసారి నీ కూర హాస్టల్ పిల్లలు తిన్నరు. మస్తుందన్నరు."

"తిననీ."

"నువ్వు గడపల కాలు పెట్టినంకనే పొయ్యి ముట్టిస్త" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం ఎప్పటిలాగే బషీర్‌బాగ్ మెస్సు నుంచి తెప్పించుకున్న అన్నం తిన్నాడు. స్టీలు డబ్బా కడిగి కిటికీ గట్టు మీద పాత కాగితం పరిచి బోర్లించాడు. ఇన్నేళ్లలో షాపులో ఎన్నో మారాయి గానీ, ఆ డబ్బా చోటు మారలేదు.

మళ్లీ తెర ముందు కూర్చుని మూలనున్న బంతిపువ్వును చూశాడు. లావుగా, వంకరగా, పక్కనున్న అక్షరాలతో ఏ సంబంధమూ లేకుండా ఉంది. ఏ డిజైన్ చేసినా అలాంటి పువ్వు ఒకటి కావాలనే పెడతాడు. పసిపిల్ల బుగ్గన కాటుకచుక్కలాగ. వచ్చినవాళ్లకు ఏదో ఒకటి తీయించందే తృప్తి ఉండదు. పువ్వు తీయిస్తారు, మిగతాదంతా బతికిపోతుంది. నళిని దాన్ని దిష్టి పువ్వు అంటుంది.

విజయేందర్ దగ్గర మాత్రం ఆ ఉపాయం పారలేదు. ఆయన పువ్వును ముట్టుకోకుండా చుట్టూ ఉన్నదంతా మార్పించాడు. అక్షరాలు జర నవ్వుతున్నట్టుండాలన్నాడు. నవ్వించాక, దుకాణమన్నంక జర గంభీరంగా ఉండాలె గదా అన్నాడు. అసలు మొదటి రోజు చెప్పిన మాటే హెర్బర్ట్‌కు నేటికీ అంతుపట్టలేదు. ఆబిడ్స్‌లో అన్నతో కలిసి నడిపిన చీరల దుకాణం నుంచి విడిపోయి, చాదర్‌ఘాట్ వైపు సొంతంగా ఒకటి తెరుస్తున్నాడు విజయేందర్. "కొత్త బోర్డు పాత బోర్డు లెక్కనే ఉండాలె. కానీ చూసినోళ్లకు పాత బోర్డు యాదికి రావద్దు" అన్నాడు. ఆ పాత బోర్డు ఒకప్పుడు వాళ్ల నాన్న కోసం హెర్బర్ట్ తన చేత్తో రాసిందే.

పోయినసారి అంతా బాగుంది, రంగొక్కటే అన్నాడు. రంగు అయింది. ఎవరూ తీయమనని పువ్వును మోసుకు తిరగడం దేనికని హెర్బర్ట్ దాన్ని తానే చెరిపేసి ప్రింటు తీశాడు.

విజయేందర్ పైకి రాలేదు. బోర్డును కింద నుంచి చూస్తేనే తెలుస్తుందని ఆయన నమ్మకం. ఇస్త్రీ చొక్కా, చేతిలో చాయ్ కప్పుతో సందు అవతల నిలబడి ఫోన్ చేశాడు. హెర్బర్ట్, నళిని చెరో అంచూ పట్టుకుని కాగితాన్ని కిటికీలోంచి బయటికి చాపారు. నళిని ఫోన్ స్పీకర్ మీద పెట్టింది.

"జర పైకి. ఆఁ." ఒక గుక్క చాయ్ తాగిన చప్పుడు. "రంగు మంచిగున్నది. కానీ ఏదో పోయింది సాబ్."

"ఏం పోయింది సేట్?"

"అదే తెల్వదు. పోయినసారి ఉండె."

నళిని ఫోన్‌కు చేయి అడ్డం పెట్టింది. "నాకు తెలుసు అంకుల్, ఏం పోయిందో. దిమాగ్."

హెర్బర్ట్ నవ్వలేదు. గోడ గడియారం చూశాడు. రైలు పోతే మాబెల్ పొయ్యి ముట్టించదు. మళ్లీ రమ్మని అడగదు కూడా, అది అంతకంటే కష్టం. పోయినసారికీ ఇప్పటికీ మారింది రంగొక్కటే. రంగూ, ఇంకొకటీ.

కూర్చుని పువ్వును దాని మూలలో తిరిగి పెట్టాడు. ఇంకో ప్రింటు తీసి చాపారు. ఫోన్ కట్టయింది. కింద చాయ్ కప్పు కూడా కనబడలేదు. అంతలో మెట్ల మీద ఆయాసం వినిపించింది.

"గిదే" అన్నాడు విజయేందర్ లోపలికొస్తూ. "మొదట్నుంచి నేను గిదే అడుగుతున్న గదా."

నళిని మొహం ప్రింటర్ వైపు తిప్పుకుంది.

విజయేందర్ వేలితో పువ్వును తాకాడు. "మా నాయిన పొద్దుగాల షట్టర్ ఎత్తంగనే పాత బోర్డు మీది గీ పువ్వుకు దండం పెడుతుండె. ఎందుకు నాయినా అంటే, పెయింటరు ఏదో మొక్కుకుని వేసిండు, ఉండనియ్యి అంటుండె." పువ్వు మీంచి వేలు తీయకుండానే అన్నాడు, "దుకాణం పేరు అన్నకు పోయింది. పెద్దోడు, పోనీ. గీ పువ్వు ఎవ్వరు గుర్తుపట్టరు. నాకు తెలిస్తే చాలు."

తీయమంటారేమోనని హెర్బర్ట్ ఆ పాత బోర్డు రాసినప్పుడు ఎదురుచూశాడు. పెద్దాయన ఏమీ అనలేదు, బోర్డు పైకెక్కింది. తాను తీసేయించుకోవడానికే పెట్టిన వంకర పువ్వుకు ఒక మనిషి రోజూ దండం పెట్టాడు. చెబుదామని హెర్బర్ట్ నోరు తెరిచాడు.

"జర నిటారుగ చెయ్యమంటరా?" అని మాత్రం అడిగాడు.

"ఒద్దు సాబ్. వంకరగనే ఉండె."

విజయేందర్ కాగితం మీద ఓకే రాసి సంతకం పెట్టాడు. హెర్బర్ట్ భుజాలు కిందికి దిగాయి. దసరా నుంచీ అవి అంత పైకి ఉన్నాయని ఆయనకు అప్పుడే తెలిసింది.

పోయేముందు నళిని చాయ్ పోసిచ్చింది. "మా నాయిన ఉంటే మిమ్మల్ని పోనిస్తుండెనా అంకుల్?"

"పోనిస్తుండె. గీ ఒక్క కార్డు చేసిపో అంటుండె."

ఆమె నవ్వి, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వింది. ఆయన సంచీ తీసుకుని మెట్లు దిగాడు.

రైలు కదలబోతుంటే ఫోన్ మోగింది.

"అంకుల్, డబ్బా మర్చిపోయిన్రు. ఉరికొస్తనా?"

"మర్చిపోలేదమ్మా, ఇగ మెస్సు అన్నంతోని పని లేదు" అన్నాడు హెర్బర్ట్.

నళిని ఫోన్ పెట్టేసి కిటికీ వైపు చూసింది. గట్టు మీద బోర్లించిన స్టీలు డబ్బా కింద, కాగితం మీది గుండ్రటి తడి అంచుల నుంచి మెల్లగా ఆరుతోంది.