లైను చివరి గుర్తు

జగన్‌మోహన్ పాస్టరుగారికి వయసు మీద పడ్డాక ఒక అలవాటొచ్చింది. ప్రార్థన మధ్యలో మాట ఆపేసి, కళ్లు మూసుకుని, తర్వాతి మాట కోసం వెతుక్కుంటారు. ఆయన వాక్యం పూర్తి చేసేదాకా చర్చిలో ఒక్కరంటే ఒక్కరు ఆమేన్ అనరు. ఆ ఆదివారమూ అంతే. "మా బిడ్డలను ఆపద నుంచి..." అని ఆగిపోయారు. జనమంతా తలలు వంచుకుని ఎదురుచూస్తున్నారు.

ఆయన ముగిస్తే గాని ఎవరూ నోరు తెరవరు కదా అని బాలమణి లోలోపల నవ్వుకుంది. ఆ మరుక్షణమే ఆ నవ్వు ఆగిపోయింది. నిన్న సాయంత్రం తను ఫ్యాక్టరీ కంప్యూటర్ ప్రోగ్రాంలో మార్చిన లైను కళ్ల ముందు కనబడింది. దాని చివర గుర్తు లేదు.

జహీరాబాద్ బయట అట్టల ఫ్యాక్టరీలో ఆమెది కంప్యూటర్ ఉద్యోగం. ఎనభై ఎనిమిదిలో, హైదరాబాద్ వెళ్లి సి అనే కంప్యూటర్ భాష నేర్చుకొచ్చిన పిల్ల అని మేనేజరు పిలిచి మరీ ఇచ్చాడు. తండ్రి నర్సప్పది అక్కడే బాయిలర్ పని. ఆవిరి ఎంతుందో, నీళ్లెంతున్నాయో బాలమణి ప్రోగ్రాం గంటకోసారి బాయిలర్ పక్కనున్న ప్రింటర్ మీద ఒక లైను కొట్టిస్తుంది. మధ్యలో నీళ్లు తగ్గితే అప్పటికప్పుడే హెచ్చరిక పడాలి. ఆ ప్రింటర్‌దేమో మొండి గుణం. లైను అయిపోయిందని చెప్పే గుర్తు, బ్యాక్‌స్లాష్ ఎన్, అందేదాకా అక్షరాలన్నీ కడుపులో దాచుకుని కూర్చుంటుంది. కాగితం దండగవుతోంది, హెచ్చరికనూ గంట లెక్కనూ ఒకే లైన్లో సర్దమని మేనేజరు అడిగితే, ఈ మహాతల్లి హెచ్చరిక చివరి గుర్తు కాస్తా తీసేసింది. తెర మీద చూసుకుంటే అక్షరాలు చక్కగా పడ్డాయి. తెరకు ఆ మొండితనం లేదు మరి. ఇంటికెళ్లి హాయిగా పడుకుంది.

ఇప్పుడు నీళ్లు తగ్గితే ఆ కబురు మళ్లీ గంట లెక్క వచ్చేదాకా బయటికి రాదు. అందాకా బాయిలర్ తట్టుకుంటుందా? లోపలి గొట్టాలు ఎర్రగా కాలి పేలిపోతే? ఇవాళ డ్యూటీ నాన్నదే.

ఆమేన్ కాకముందే లేచి బయటికి పరుగెత్తింది. బజారులో వీరన్న ఆటో ఫ్యాక్టరీ మీదుగా మొగుడంపల్లి పోవడానికి నిలబడి ఉంది. అందులో ముగ్గురే ఉన్నారు.

"వీరన్నా, జల్ది పోనియ్యి. ఫ్యాక్టరీ కాడికి."

"జర ఆగక్కా. ఇంకో ఇద్దరెక్కితే నిండుతది. గప్పుడు తీస్త."

బాలమణికి ఏడుపొచ్చింది. "ఆ ఇద్దరి పైసలు నేనిస్త. మా నాయిన పానం మీదికొచ్చింది. నీ కాళ్లు మొక్కుత."

వీరన్న ఆమె మొహం చూసి బండి తీశాడు.

బండి గతుకులో పడ్డప్పుడల్లా పేలుడు చప్పుడేమోనని ఆమె ఉలిక్కిపడింది. దూరంగా పొగగొట్టం కనబడ్డాక భయం తగ్గకపోగా రెట్టింపైంది. అది ఏ క్షణాన కూలుతుందోనని రెప్ప వేయకుండా దాన్నే చూస్తూ కూర్చుంది.

నర్సప్ప ప్రింటర్ పక్కన స్టూలు మీద కూర్చుని నిమ్మళంగా జొన్నరొట్టె తింటున్నాడు. "చర్చి ఇడిసిపెట్టి వచ్చినవేంది బిడ్డా?"

"నీళ్లు జూసినవా నాయినా?"

"కాయితం సప్పుడు చేస్తలేదు గద. అంత మంచిగనే ఉంది."

బాలమణి కాగితం జరిపే మీట నొక్కింది. ప్రింటర్ కిర్రుమంటూ కడుపులో దాచుకున్న లైనును కక్కింది. నీళ్లు తక్కువ. పక్కన పడిన టైము అరగంట కిందటిది. ఇంగ్లీషు ముక్కలే అయినా ఆ రెండు మాటలు నర్సప్పకు బాగా తెలుసు.

రొట్టె కింద పడింది. నీటిమట్టం చూపే అద్దం గొట్టం దగ్గరికి ఉరికాడు. అందులో చుక్క లేదు. చెయ్యి నీళ్లు వదిలే చక్రం మీదికి పోయి, చటుక్కున వెనక్కొచ్చింది.

"ఇప్పుడు సల్లనీళ్లు ఇడిస్తె పటాక లెక్క పేల్తది. నువ్వు బైటికి ఉరుకు."

"మరి నువ్వు?"

"పొయ్యిల నిప్పు బైటికి లాగాలె. ఉరుకుమంటున్న గద."

ఆమెను బయటికి నెట్టి తలుపు మూశాడు. లోపల ఇనుప పార గీరుకుంటున్న చప్పుడు వింటూ బాలమణి గోడ వారన కూలబడింది. "మా నాయినను ఆపద నుంచి..." అని మొదలుపెట్టింది. ఆ పైన మాట రాలేదు.

ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది. ఒళ్లంతా బూడిద, కనుబొమలు కాలిపోయి ఉన్నాయి. మనిషి మాత్రం నిలబడే ఉన్నాడు. ఆమె తండ్రిని పట్టుకుని భోరుమంది. "తప్పు నాదే నాయినా. ఒక్క గుర్తు తీసేసిన."

నర్సప్ప మసి చేతులు అంగీకి తుడుచుకున్నాడు. "ఎన్కట గడియగడియకు అద్దం జూస్తుంటి. నువ్వు రాసినవని జూసుడు బంద్ జేసిన," అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

మర్నాడు హెచ్చరిక చివర ఆ గుర్తు మళ్లీ పెట్టింది. ఈసారి తెరను నమ్మలేదు. ప్రింటర్ మీదే కొట్టించి చూసింది. హెచ్చరిక టక్కున పడింది.

"వచ్చింది జూడు నాయినా."

నర్సప్ప స్టూలు అద్దం ముందుకు జరుపుకుని, ప్రింటర్‌కు వీపు పెట్టి కూర్చున్నాడు.

"మంచిగైంది బిడ్డా," అన్నాడు. వెనక్కి తిరగలేదు.