ఇవ్వని జెండా

నేను ఒక మూడు మూలల పట్టు జెండాను. గాలికి రెపరెపలాడే జాతి కాదు మాది. ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ముందు ఇద్దరు కెప్టెన్లు మైదానం నడుమ నిలబడి ఇచ్చిపుచ్చుకుంటారే, ఆ జాతి. ఎదుటివాళ్ళ చేతికి వెళ్ళడానికే మా పుట్టుక.

నన్ను తూర్పు బెర్లిన్‌లో వాల్‌ట్రాట్ అనే కుట్టుపనావిడ కుట్టింది. పైన తూర్పు జర్మనీ గుర్తు, కింద పశ్చిమ జర్మనీ పేరు, 1990 నవంబరులో ఓ తేదీ. ఏదైనా నెలల ముందే సిద్ధం చేసి పెట్టుకోవడం జట్టువాళ్ళ అలవాటు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

"దేశమే ఉండదంటున్నారు. ఇదెందుకండీ?" అంది దారం కొరుకుతూ.

"దేశం సంగతి మనకెందుకమ్మా? మ్యాచ్ ఉందిగా," అన్నాడు ఎబర్‌హార్ట్. జట్టు సామాన్లు చూసేది ఆయనే. ముప్ఫై ఏళ్ళలో ఒక్క జెండానూ వెనక్కి తేలేదని ఆయన గర్వం. 1974లో హాంబుర్గ్‌లో పశ్చిమ జర్మనీని ఒక్క గోలుతో ఓడించిన నాడు మా అక్కను, అంటే నాకు ముందటి జెండాను, మన కెప్టెన్ చేతికి అందించింది కూడా ఆయనే.

సెప్టెంబరులో బ్రసెల్స్‌లో బెల్జియంతో మా జట్టు చివరి ఆట. చాలామంది ఆటగాళ్ళు రామన్నారు. వెళ్ళిన పద్నాలుగు మందే రెండు గోల్స్‌తో గెలిచారు. అక్టోబరులో మా దేశం పశ్చిమ జర్మనీలో కలిసిపోయింది, నా మ్యాచ్ రద్దయింది. సామాన్ల గది తాళాలు ఎవరికి అప్పగించాలో చెప్పే నాథుడు లేడు. ఎబర్‌హార్ట్ నన్ను కోటు జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు.

నామీద కుట్టిన తేదీ రానే వచ్చింది. ఆయన నున్నగా గడ్డం గీసుకుని, ఆ మ్యాచ్ జరగాల్సిన లైప్‌జిగ్‌కు రైలెక్కాడు.

"ఇవాళ ఆటేం లేదు పెద్దాయనా," అన్నాడు స్టేడియం కాపలాదారు.

"తెలుసు నాయనా. ఐదు నిమిషాలు, అంతే."

మైదానం నడుమ నిలబడి, ఎదుటి జట్టు వచ్చే ద్వారం వైపు చాలాసేపు చూశాడు. అటునుంచి కూడా ఇలాంటి పిచ్చివాడొకడు వస్తాడని ఆశపడ్డాడేమో. నేనైతే ఆశపడ్డాను. ఎవరూ రాలేదు. అప్పుడాయన నన్ను కుడిచేత్తో ముందుకు అందించి, తన ఎడమచేత్తోనే అందుకుని, కాస్త తలవంచాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆయన కాలం చేశాక నన్ను మ్యూజియంలో అద్దం వెనక పెట్టారు. కింద చీటీ మీద 'వాడనిది' అని రాశారు. చదువుకున్నవాళ్ళు, ఏం చెప్తాం? ఆ రోజు వాళ్ళెవరూ అక్కడ లేరు.