సూరమ్మగారి చోట ఉషారాణి ఫోటో

తబిత పాలకొల్లులో చాలా ఏళ్లు ఒక డీటీపీ సెంటరులో పనిచేసింది. పెళ్లికార్డులు, సువార్త కూటాల కరపత్రాలు, షాపుల బిల్లుపుస్తకాలు, ఏది తెచ్చినా కంప్యూటరు మీద ముచ్చటగా అమర్చి అచ్చుకు పంపేది. ఆ సెంటరు మూతపడ్డాక కాలవగట్టు మీదున్న తమ చర్చి ఆఫీసులోనే ఆమెకు పని దొరికింది.

చర్చి సెక్రటరీ విజయ్ పాల్‌గారు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైన మనిషి. సంఘం వాళ్లకు నెలనెలా వెళ్లే వార్తాపత్రికను అచ్చు మానేసి ఈమెయిల్లో పంపాలని ఆయనకు తోచింది. సంఘంలో సగం మంది ఉద్యోగాలకని వైజాగ్, బెంగుళూరు, మస్కట్ వెళ్లిపోయారు. పోస్టులో వేసిన కాపీలు కట్టలు కట్టలుగా వెనక్కొస్తున్నాయి.

"ఉత్త అక్షరాలు కాదమ్మా తబితా. రంగులుండాలి, ఫోటోలుండాలి. తెరవగానే మన పాత పత్రికలా కనిపించాలి" అన్నారాయన.

అలాంటి మెయిల్‌ను హెచ్‌టీఎంఎల్‌లో తయారుచేయాలట. తబిత ఇంటర్నెట్టులో వీడియోలు చూసి నేర్చుకుంది. ఇక్కడ శీర్షిక, ఇక్కడ బొమ్మ, ఇక్కడ రంగు అని గుర్తులు పెట్టుకుంటూ రాసుకుపోవడమే. జూన్ సంచిక ఆమె తెర మీద బ్రహ్మాండంగా కనిపించింది. పంపిన గంటలోపే ఫోన్లు మొదలయ్యాయి.

"ఫోటోల చోట ఖాళీ డబ్బాలున్నాయి తబితమ్మా" అంది ఒకావిడ.

"నాకు బాగానే కనిపిస్తున్నాయండి" అంది తబిత.

ఆ రోజంతా ఆమె అందరికీ ఇదే మాట చెప్పింది. అవతలివాళ్లూ అదే మాట చెప్పారు. చివరికి చర్చికి వెబ్‌సైటు తయారుచేసిన కిరణ్‌కు ఫోన్ చేసింది. అతను భీమవరంలో ఉంటాడు.

"ఫోటో మీ కంప్యూటర్లోనే ఉండిపోయింది మేడమ్. మెయిల్లో వెళ్లింది దాని అడ్రసు ఒక్కటే. మీ కంప్యూటర్లో ఏ ఫోల్డర్లో ఏముందో బయటవాళ్లకెలా తెలుస్తుందండి? ఫోటోల్ని మన వెబ్‌సైటులో పెట్టి ఆ అడ్రసు ఇవ్వండి. అందరికీ కనిపిస్తాయి" అన్నాడతను.

"అర్థమైంది" అంది తబిత. నిజానికి అర్థం కాలేదు. చెప్పినట్టు చేస్తే పని జరిగింది, అంతే.

జూలైలో సూరమ్మగారు చనిపోయారు. సండేస్కూల్లో రెండు తరాల పిల్లలకు వాక్యాలు, పాటలు నేర్పిన టీచరామె. తబిత చిన్నప్పుడు ఆమె దగ్గరే చదువుకుంది. అందుకని ఆ నెల సంచిక మీద మనసుపెట్టి కూర్చుంది. పైన 'ప్రభువునందు నిద్రించిన మన సహోదరి' అని శీర్షిక, దాని కింద తెల్లచీర, కళ్లజోడుతో నవ్వుతున్న ఫోటో, ఆ కింద ఆమె పేరు, ఆమె గురించి నాలుగు మాటలు. రామచంద్రపురంలో ఉంటున్న ఆమె కొడుకు ప్రసన్నకుమార్ స్వయంగా ఫోన్ చేసి, "మా అమ్మ ఎదురుగా ఉన్నట్టే ఉందండి. బంధువులందరికీ చూపిస్తున్నాను" అన్నాడు.

ఆగస్టు సంచికలో చెప్పవలసిన విశేషం చర్చిలో పాటలు పాడే బృందానికి, అంటే క్వయర్‌కు, వచ్చిన కొత్త లీడరు గురించి. స్కూల్లో మ్యాథ్స్ చెప్పే ఉషారాణి ఆ బాధ్యత తీసుకుంది. తబిత జూలై సంచికనే కాపీ చేసుకుని మాటలు మార్చింది. శీర్షిక 'మన క్వయర్‌కు కొత్త సారథి' అయింది. మొదటి ఫోటో పేరు 'ఫోటో1' అని అందులో ఎలాగూ రాసే ఉంది కాబట్టి, ఉషారాణి ఫోటోకు కూడా ఆ పేరే పెట్టి వెబ్‌సైటులోకి ఎక్కించింది. ఆ పేరుతో ఇప్పటికే ఒకటి ఉంది, దాని స్థానంలో ఇది పెట్టమంటారా అని వెబ్‌సైటు అడిగితే సరేనని నొక్కింది. మెయిల్ వెళ్లింది. ఈసారి ఒక్కరు కూడా ఖాళీ డబ్బాలన్నవాళ్లు లేరు.

రెండు రోజులు పోయాక పొద్దున్నే ఉషారాణి ఆఫీసుకొచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"అక్కా, నిన్న సాయంత్రం వైజాగ్ నుంచి రోజ్‌మేరీ టీచరు ఫోన్ చేశారు. ఇంతకుముందు మా స్కూల్లో చేసేవారు, మన సంఘమే. నేను ఫోన్ ఎత్తగానే ఏడుస్తూ, ఉషారాణి ఎలా పోయిందండి అని అడిగారు."

"నువ్వేమన్నావ్?"

"నేను ఉషారాణినే మాట్లాడుతున్నానండి అన్నాను. ఆవిడ ఫోన్ కింద పడేసుకున్నారు. మళ్లీ చేసి, మీ చర్చి మెయిల్లో చూశానంటున్నారు."

ఆ టీచరు ఊళ్లో లేక జూలై మెయిల్‌ను నిన్ననే తెరిచిందట. తబిత వెంటనే తన కంప్యూటర్లో అదే మెయిల్ తీసింది. తెల్లచీరలో సూరమ్మగారు నవ్వుతున్నారు.

"ఇదుగో చూడు. సూరమ్మగారే ఉన్నారు. ఆవిడ ఏదో పొరబడి ఉంటారు."

ఉషారాణి తన ఫోన్ తీసి అదే మెయిల్ తెరిచి పక్కన పెట్టింది. 'ప్రభువునందు నిద్రించిన మన సహోదరి'. దాని కింద నీలం చీరలో ఉషారాణి. ఆ కింద సూరమ్మగారి పేరు.

తబిత రెండింటినీ మార్చి మార్చి చూసింది. తేదీ ఒకటే. అక్షరాలు ఒకటే. తను పంపింది ఒకటే మెయిల్. పెళ్లికార్డు అచ్చువేసి పంచాక పెళ్లికొడుకు పేరు దానంతటదే మారిపోయిందంటే ఎవరైనా నమ్ముతారా? ఇది అలాగే ఉంది.

"మా అత్తగారు నిన్న రాత్రి నుంచి అన్నం ముట్టలేదక్కా. ఇదేదో అపశకునం అంటున్నారు" అంది ఉషారాణి.

అంతలో ఆఫీసు ఫోన్ మోగింది. ప్రసన్నకుమార్.

"ఏంటండి ఇది? మా పిన్నిగారికి చూపిద్దామని మెయిల్ తెరిస్తే మా అమ్మ ఫోటో లేదు. ఎవరో అమ్మాయిని పెట్టారు. మా అమ్మ పోయి నెలైనా తిరగలేదు కదండీ, అప్పుడే తీసేయాలా?"

"మేమేం తియ్యలేదండి. పంపేసిన మెయిల్‌ని మేమెలా మారుస్తామండి?" తబిత గొంతులో నిజాయితీ ఉంది, భయమూ ఉంది.

"మీరు మార్చకపోతే ఎవరు మార్చారు? నా ఫోన్లోకి ఎవరొచ్చారండి?"

తబిత కనుక్కుని చెబుతానని ఫోన్ పెట్టేసింది.

విజయ్ పాల్‌గారు వచ్చి అంతా విన్నారు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని, "హ్యాకింగ్ అమ్మా" అని తేల్చేశారు. పాస్‌వర్డు మార్చేయమన్నారు. మార్చారు. ఉషారాణి ఫోన్లో ఏమీ మారలేదు. పాస్టరుగారికి చెప్పాలా, పోలీసులకు చెప్పాలా అని ఆయన వరండాలో పచార్లు మొదలుపెట్టారు.

తబిత తల పట్టుకుని కూర్చుంది. ఏ దొంగైనా వచ్చి ఏం చేస్తాడు? సూరమ్మగారి ఫోటో తీసి ఉషారాణి ఫోటో పెట్టి వెళ్లిపోతాడా? వాడికేం పని? ఉషారాణి ఫోటో వాడికెక్కడిది? అలా ఆలోచిస్తుండగా దాని స్థానంలో ఇది పెట్టమంటారా అన్న ఆ ప్రశ్న గుర్తొచ్చింది. సరేనంది తనే కదా.

పూర్తిగా అర్థం కాకపోయినా చెయ్యాల్సింది మాత్రం తెలిసినట్టనిపించింది. సూరమ్మగారి ఫోటోను మళ్లీ 'ఫోటో1' పేరుతోనే వెబ్‌సైటులోకి ఎక్కించింది. సరేనా అని అది మళ్లీ అడిగింది. సరేనంది. ఉషారాణి ఫోన్లో మెయిల్ మూసి తెరిస్తే మొదట ఏమీ మారలేదు. కాసేపాగి తెరిస్తే సూరమ్మగారు వచ్చారు. ప్రసన్నకుమార్‌కు ఫోన్ చేస్తే, "ఆఁ, ఇప్పుడు కనబడుతోందండి" అన్నాడు గానీ గొంతులో అనుమానం పోలేదు. ఆ రోజు తబిత తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఫిన్నీ తాతగారు ఆమెను మెట్ల దగ్గర ఆపారు.

"ఏమ్మా, సూరమ్మ క్వయర్ లీడరేంటి? మొన్నే కదా మట్టి చేశాం."

ఆయన ఫోన్లో ఆగస్టు మెయిలుంది. 'మన క్వయర్‌కు కొత్త సారథి'. కింద తెల్లచీర, కళ్లజోడు. 'వీరి స్వరం ముందు ముందు ఇంకా వినబోతున్నాం' అని తబితే రాసింది.

చుట్టూ నలుగురు చేరారు. ఒకరి ఫోన్లో సూరమ్మగారు, ఇంకొకరి ఫోన్లో ఉషారాణి. "నాది తప్పా, నీది తప్పా?" అని వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. తబితకు కళ్లనీళ్లు తిరిగాయి. ఒక చోట సరిచేస్తే ఇంకో చోట చెడిపోతోంది. ఈ మెయిళ్లకీ ఆ మెయిళ్లకీ లోపల సంబంధమేంటి?

మర్నాడు కిరణ్ బండి మీద వచ్చాడు. తబిత అతనికి ఎదురుగా కూర్చుని, "అర్థం కాకపోతే కాలేదనే చెబుతాను. మెల్లగా చెప్పండి" అంది.

"మెయిల్లో ఫోటో లేదు మేడమ్. ఫలానా చోటికెళ్లి 'ఫోటో1' తెచ్చుకో అన్న మాట ఉంది. ఎవరు ఎప్పుడు మెయిల్ తెరిస్తే అప్పుడు వాళ్ల ఫోన్ మన వెబ్‌సైటుకెళ్లి తెచ్చుకుంటుంది."

"అంటే ఆ చోట ఆ పూట ఎవరుంటే వాళ్లే కనిపిస్తారా?"

"ఆయ్."

"పంపిన రోజున ఉన్నవాళ్లు కాదా?"

"కాదండి."

"మరి నా కంప్యూటర్లో సూరమ్మగారే ఉన్నారుగా?"

"మీరు ముందే చూసేశారు కదండీ. అప్పుడు తెచ్చుకున్న కాపీని అది దాచుకుంది. కొందరి ఫోన్లు దాచుకుంటాయి, కొందరివి మళ్లీ వెళ్లి తెచ్చుకుంటాయి. అందుకే తలా ఒకటి కనిపించింది."

తబిత తను ఇన్నాళ్లూ ఫోటోలు పంపిస్తున్నాననుకుంది. పంపింది ఫోటోలున్న చోటు మాత్రమే.

"అయితే రెండు మెయిళ్లనీ సరిచేసేదెలా?"

"పంపినవాటిలో రాసింది మార్చలేం మేడమ్. రెండూ ఒకే పేరు అడుగుతున్నాయి. ఆ పేరుతో ఒక్క ఫోటోనే ఉంటుంది. రెండిట్లో ఒక మెయిల్ తప్పుగానే ఉండిపోతుంది. ఏది తప్పుగా ఉండాలో మీరే చెప్పండి."

విజయ్ పాల్‌గారు కమిటీలో పెడదామన్నారు. తబిత ఆగలేదు. సాయంత్రం క్వయర్ ప్రాక్టీసు జరుగుతుంటే వెళ్లి వెనక బెంచీలో కూర్చుంది. పాట ఆగాక ఉషారాణిని బయటికి పిలిచి, విషయం చెప్పి, తప్పు తనదేనంది.

"నీ స్వాగతం మెయిల్లో నీ ఫోటో పెట్టాలంటే, ఆవిడ మెయిల్లో కూడా నువ్వే వస్తావు. ఆవిడ మెయిల్లో ఆవిణ్ణి ఉంచితే నీ మెయిల్లోనూ ఆవిడే ఉంటారు. నీకెలా కావాలో చెప్పు ఉషా."

ఉషారాణి తలుపు వైపు చూసింది. లోపల పిల్లలెవరో హార్మోనియం మెట్లు నొక్కుతున్నారు.

"నా చోట సూరమ్మగారుంటే నాకేం కాదక్కా. ఆవిడ చోట నేనుండటమే... ఆ మాట కింద నా మొహం చూసుకున్నప్పట్నుంచి నిద్ర పట్టడం లేదు. అద్దంలో చూసుకోవాలన్నా ఏదోలా ఉంది. నన్నక్కణ్ణుంచి తీసేయండి. అది చాలు."

"తీసేశాను. నువ్వింక అక్కడ కనపడవు."

"ఒట్టేనా?"

తబిత ఆమె చెయ్యి పట్టుకుంది.

'ఫోటో1' సూరమ్మగారికే ఉండిపోయింది. ఆగస్టు సంచికను కిరణ్ సాయంతో కొత్తగా తయారుచేసి, పాతది తీసేయండి అని పైన రాసి, మళ్లీ పంపింది. ఈసారి ఉషారాణి ఫోటోను ఎక్కడో పెట్టి అడ్రసు ఇవ్వకుండా, మెయిల్లోపలే జతచేసి పంపడం అతను చూపించాడు. పంపేముందు తబిత దాన్ని తన ఫోన్‌కు, విజయ్ పాల్‌గారి ఫోన్‌కు పంపుకుంది. తర్వాత తన కంప్యూటర్లోని ఫోటో పేరు మార్చేసింది, ఆ రెండు ఫోన్లలో ఇంటర్నెట్టు తీసేసింది, అయినా కనిపిస్తుందా అని చూసింది. కనిపించింది. ఎందుకు కనిపించిందో ఈసారి ఆమెకు తెలుసు. అయినా మూడుసార్లు తెరిచి చూసుకుంది.

ఆ వారంలోనే ప్రసన్నకుమార్ ఏదో పని మీద పాలకొల్లు వచ్చి ఆఫీసులోకి తొంగిచూశాడు. తబిత లేచి కుర్చీ వేసి, జరిగిందంతా చెప్పి, క్షమించమంది. అతను ఓపిగ్గా విన్నాడు. సగం అర్థమైనట్టు తలూపాడు.

"ఇంక మారదు కదండీ?"

తబిత మారదనబోయి ఆగింది. "ఆ పేరుతో మేం ఇంకేదీ పెట్టమండి. కానీ రేపెప్పుడైనా మా వెబ్‌సైటు ఆగిపోతే ఫోటో కూడా రాదు."

"అదేంటండి? ఫోటో నా ఫోన్లోనే ఉంది కదా."

"లేదండి. ఉన్నట్టు కనిపిస్తుంది."

అతను చేతిలోని ఫోన్‌వంక చూశాడు. సూరమ్మగారు నవ్వుతున్నారు. వేలితో తెరను ఒకసారి తాకి, "లేదా?" అన్నాడు మెల్లగా.

"ఇటివ్వండి" అని తబిత ఫోన్ తీసుకుంది. ఫోటో మీద వేలు నొక్కి పట్టుకుని, దాన్ని ఫోన్లో దాచి, గ్యాలరీ తెరిచి చూపించింది. "ఇప్పుడు ఉందండి."

అతను మెయిల్లో ఫోటోని, గ్యాలరీలో ఫోటోని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. రెండింటికీ తేడా ఏమీ కనబడలేదు. "ఏమోనండి, మీరు చెబుతున్నారు కదా" అని, వందనాలు చెప్పి వెళ్లిపోయాడు.

సెప్టెంబరు సంచికలో ఒక్కో ఫోటోకు ఆ మనిషి పేరు, నెల పేరు కలిపి పెట్టింది తబిత. విజయ్ పాల్‌గారు పక్కనే నిలబడి, "ఈసారి ఎవరి ఫోటో ఎవరికి కనిపిస్తుందమ్మా?" అన్నారు. ఆయన నవ్వలేదు, నిజంగానే అడుగుతున్నారు.

"అందరికీ అందరూ కనిపిస్తారు సార్" అని ఆమె మెయిల్ పంపేసింది. ఇద్దరూ ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి అది మోగింది. తబిత రెండు చేతులతో ఎత్తింది.

"వందనాలండి. అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయమ్మా, కాస్త పెద్దవి చెయ్యొచ్చుగా" అన్నారు ఫిన్నీ తాతగారు.

"ఫోటోలు సరిగ్గా ఉన్నాయా తాతగారూ?"

"ఫోటోలకేం, బాగానే ఉన్నాయి. అక్షరాలమ్మా, అక్షరాలు."

"అలాగేనండి, తప్పకుండా చేస్తానండి" అంది తబిత. ఫోన్ పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వుకుంది. ఎందుకు నవ్వుతోందో విజయ్ పాల్‌గారికి అర్థం కాలేదు.