పాట మీద కబ్జా

కనకం సంచి సర్దుకుంటోంది. ఆమె పెట్టిన ప్రతి వస్తువునూ అప్ప లక్ష్మీనరసమ్మ బయటకు తీసి, మడత బాగులేదని మళ్లీ పెడుతోంది. బొబ్బిలిలో కనకం మరిది మనవరాలి పెళ్లి. ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా సరే, లక్ష్మీనరసమ్మ షంటింగ్ ఇంజనులా గదికీ వాకిలికీ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

"వారానికి రెండు దుప్పట్లేటప్పా? పెళ్లికెల్తన్నానా, కాశీకెల్తన్నానా?"

"దుప్పట్ల మాట తరవాత. ముందు ఆ నోటీసు మీద సంతకం పెట్టు."

ఆ గొడవంతా ఒక పాట గురించి. రైల్వే క్వార్టర్లో ఉన్న రోజుల్లో అక్కచెల్లెళ్లిద్దరూ కలిసి ఓ అప్పగింతల పాట కట్టారు. మాటలు అప్పవి, వరస చెల్లెలిది. "బండి కదిలే దాకా బుగ్గ తుడవకు తల్లీ" అని ఎత్తుగడ. ఉద్యోగాలకని ఉత్తరాదికొచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ల కాలనీ అది. అక్కడ పెళ్లికూతురిని అప్పగించేది పందిట్లో కాదు, ప్లాట్‌ఫారం మీద. ఆ పాట పూర్తి కాకుండా పిల్లని రైలెక్కించరు. ఒకసారి చరణాలు సాగదీసి బండి తప్పించేస్తే, కొత్త జంట వెయిటింగ్ రూములోనే కాపురం మొదలుపెట్టింది.

ఇప్పుడు, కాలనీ పెళ్లిళ్లలో బ్యాండు వాయించే బాజాల గిరిబాబు ఆ పాటను తన పేరుతో యూట్యూబులో పెట్టాడు. లక్ష్మీనరసమ్మ పాడిన వీడియోని ఎవరో పెడితే, పాట తనదని ఫిర్యాదు చేసి తీయించేశాడు. కట్టుకున్న ఇంట్లోంచి తననే గెంటేసినట్టయింది ఆమెకు. మేనకోడలు భానుప్రియ ఈ ఊళ్లోని హైకోర్టులోనే వకీలు. నోటీసు తయారుచేసి తెచ్చి, ఇద్దరి సంతకాలూ కావాలని పొద్దుట్నుంచీ ఇక్కడే కూచుంది.

ఆ గిరిబాబే వాకిట్లో వ్యాను ఆపి, పళ్లికిలిస్తూ లోపలికొచ్చాడు. "పిన్నీ, స్టేషనుకి దించీమంటావేటి?"

"సిగ్గులేదురా నీకు?" అంది లక్ష్మీనరసమ్మ. "పాట దొంగిలించి, ఇప్పుడు పిన్నిని కూడా ఎక్కించుకుపోతావేటి?"

"దొంగతనమేటి పెద్దమ్మా? పన్నెండేళ్లు అందరి ఎదరా పాడేను. ఒక్కరడిగేరా? ఊరి చివర మోప్కాలో మా మావ ఎవలిదో జాగాలో పాకేసి పన్నెండేళ్లు కూకున్నాడు. ఇప్పుడది ఆడిదే. పాటా అంతే."

లక్ష్మీనరసమ్మ చేతిలోని దుప్పటి వదిలేసి భానుప్రియ వైపు తిరిగింది. జీవితమంతా సర్కారు వారి క్వార్టర్లలో బతికిన జనానికి వేదం రాకపోయినా ఈ పన్నెండేళ్ల లెక్క నోటికొచ్చు. అది నిజమేనేమో!

భానుప్రియ పకపకా నవ్వింది. "అచ్ఛా గిరన్నా, పాటలో ఎక్కడ కూకున్నావు? పల్లవిలోనా, చరణంలోనా? జాగాలో నువ్వు కూకుంటే ఇంకొకరికి చోటుండదు. పాట నువ్వు పాడితే అత్త గొంతు మూసుకుపోతుందా? దీనికి కబ్జా లేదు. అత్తలు పోయాక కూడా అరవై ఏళ్లు పాట వీళ్లదే."

"మరి పిన్నే ఇచ్చింది నాకు. అడగండి!"

అందరూ కనకం వైపు తిరిగారు. ఆమె తల ఎత్తకుండా చీర మడతపెట్టింది. "జిలేబీ తెచ్చేడు. పాడుకో నాయనా అన్నాను. తప్పేటి?"

"జిలేబీకి అమ్మీసేవా ముండా!" అని అప్ప నెత్తి కొట్టుకుంది.

"కొట్టుకోకు పెద్దత్తా, చిన్నత్తే కేసు గెలిపించింది!" అంది భానుప్రియ. "ఇచ్చారని వీడే ఒప్పుకున్నాడు. అంటే అడిగి చేరినవాడే గానీ కబ్జాదారు కాడు. అలాంటివాడు వందేళ్లున్నా ఇల్లు వాడిది కాదు. పైగా ఉమ్మడి ఆస్తి. ఒక్కరిస్తే చెల్లదు."

గిరిబాబు మొహం వాడింది. "పెళ్లిళ్లలోనూ వాయించకూడదేటి?"

"వాయించుకో. పెళ్లిలో వాయిస్తే ఎవరినీ అడగక్కర్లేదని చట్టమే దారిచ్చింది. పొలంలో కాలిబాటలాగ. నడు, పంట కోయకు."

గెలిచినట్టే. గెలిచాకనే అసలు తగువు మొదలైంది.

"నోటీసులో నా పేరే ముందుండాలి," అంది లక్ష్మీనరసమ్మ. "మాటలు నేల. నువ్వు దాని మీద పాకేసేవంతే."

"ఉత్త నేల చూడ్డానికెవడొస్తాడప్పా? నా పాక లేకపోతే మేకలు మేసీవి."

"అయితే పంచుకుందాం. పల్లవి నాకు, చరణాలు నీకు. మధ్యలో గోడ."

"కట్టుకో. గోడ మీద కూకుని నువ్వే పాడుకో. నానెల్తన్నాను."

"ఎల్లొస్తానను!"

కనకం ఆ మాట అనలేదు.

అంతా ఆ వ్యానులోనే బయల్దేరారు. స్టేషనులో సంచి గిరిబాబే మోశాడు. విశాఖ బండి కూత వేశాక లక్ష్మీనరసమ్మ కిటికీలోంచి కాగితం లోపలికి తోసింది. తన పేరు కొట్టేసి, చెల్లెలి పేరు పైన రాసింది. "ఇదిగో, నువ్వే ముందు. పెట్టు సంతకం."

కనకం చూసి, నవ్వి, కాగితం వెనక్కిచ్చింది. "వచ్చీసేక పెడతాను. ఇది బాకీ ఉంటేనే గదా నాను ఎప్పుడొస్తానా అని చూస్తావు."

నోటీసు లక్ష్మీనరసమ్మ పంపలేదు. ఒక్క సంతకంతోనూ నడుస్తుందని భానుప్రియ తరవాత చెప్పినా పంపలేదు. గిరిబాబు వీడియో ఇంకా అలాగే ఉంది.

కనకం తిరిగి రాలేదు. 2023 మే పదిహేడున బొబ్బిలిలోనే పోయింది.