కేతోజు పిండిగీతలు

గ్రీష్మము నడినెత్తికెక్కి నిప్పులు చెఱుగుచుండెను. ప్రచండమార్తాండకిరణసంతప్తమైన పురవీథులలో ధూళి కాలు మోపనీక మండుచుండ పక్షులు సైతము ప్రాకారచ్ఛాయలయందు నోళ్లు తెఱచికొని పడియుండెను.

అట్టి మధ్యాహ్నమున రాజస్థపతియైన కేతోజు నూతనవైద్యశాలకై చదును చేయబడిన నేలపై వంగి బియ్యపుపిండితో గోడలును ద్వారములును కట్టబోవు కొలతకు సరిగా గీయుచు లోలోపల కుతకుత నుడుకుచుండెను. ఎండకంటె నతనిని మండించినది గుండయామాత్యుని పటము. అష్టదళపద్మాకారమున స్వర్ణకలశశోభితముగా నొక భవనమును చిత్రకారునిచే వ్రాయించి ప్రభువును మురిపించి ఱేపే శంకుస్థాపనమని చాటించిన యా మంత్రి, రోగి యెటు వచ్చును ఎటు పోవునని యడిగిన పాపమున బోలేదు!

అంతలో నమాత్యుడే వచ్చి "స్థపతీ! ముగ్గులు పెట్టుట ఆడువారి పని. నీవు ఱాళ్లు దింపింపుము" అని నవ్వెను.

ఆ నవ్వుతో కేతోజు సహనము తెగెను.

"అయ్యా! ఈ గీతలు మీ పటమే. ఈ మంచముపై బరుండి మీ వైద్యశాలను మీరే చూచి రండు" అని ప్రక్కనున్న పనివారి మంచమును జూపెను.

వేడుకయని తలచి యమాత్యుడు పరుండగా నతని పల్లకి మోయు నలువురు బోయీలు మంచమెత్తి గీతల నడుమ నడచిరి. ద్వారము దాటిరి. పద్మదళమువలె వంపు తిరిగిన యిఱుకు నడవలో మంచము ముందునకు బోదు, ప్రక్కకు దిరుగదు.

"దాటుడు! పిండియే కదా!" అని యమాత్యుడు గద్దించెను.

"దాటకుడు! అది గోడ!" అని కేతోజు అంతకంటె బిగ్గరగా నఱచెను.

"అట్లయిన దింపుడు! దిగి నడచెదను."

"రోగి దిగి నడువగలడా? పురిటినొప్పులు పడుచున్న యిల్లాలు నడువగలదా? కలశము కనబడిన కన్నులకు మంచముమీది మనిషి కనబడలేదా? ఈ గోడను నేడు చెఱుపుటకు నా యఱచేయి చాలును. ఱేపు ఱాయి నిలిచినపిదప మీ యధికారమంతయు జాలదు!"

ఎవరి మాట వినవలయునో తెలియక బోయీలు కొయ్యబాఱి నిలిచిరి. ఎండ మొగముపై గుమ్మరించుచుండ నమాత్యుని గొంతు తడియాఱెను. లేవబోయి చుట్టును గుమిగూడిన జనులను జూచి సిగ్గుపడి మరల వ్రాలెను.

తుదకు "చెఱుపుము" అని గొణిగెను.

అఱచేతితో కేతోజు ఆ గీతను తుడిచి నడవను వెడల్పుగా మరల గీసెను. మంచము మలుపు తిరిగెను. వైద్యుని గది గీతలను జేరెను. అప్పుడు గాని కేతోజు "దింపుడు" అనలేదు.